‘మస్ట్’ తర్వాత ఒక్క మాట

ఒమాన్‌లో పనిచేసే తెలుగువారి ఇంగ్లీషులో ఎక్కువ భాగం ఐదు చిన్న మాటల మీద నడుస్తుంది: మస్ట్, షుడ్, కెన్, విల్, మే. సోహార్ పోర్టులోనో దుక్మ్ యార్డులోనో పొద్దున్నే టూల్‌బాక్స్ టాక్‌లో సేఫ్టీ ఆఫీసర్ చెప్పేదంతా మస్ట్, మస్ట్ నాట్‌ల వరసే. పని మొదలుపెట్టే ముందు సంతకం పెట్టే పర్మిట్ నిండా షల్, షుడ్, మే కనిపిస్తాయి. రూవీలో కూర్చున్న అకౌంటెంట్ రాసే ఈమెయిల్‌లో విల్, కెన్ ఉంటాయి. వార్డులో నర్సు డాక్టరుకు చెప్పే జవాబులో షుడ్, మే ఉంటాయి.

వీటిని మోడల్ వెర్బ్స్ అంటారు. ఇవి పని పేరు చెప్పవు. ఆ పని చేయడం బాధ్యతా, సలహానా, అనుమతా, శక్తా, హామీనా అన్నది చెబుతాయి. వాటి పక్కన ఆల్వేస్, నెవర్, ఓన్లీ, ఆల్సో, ప్రాబబ్లీ, డెఫినెట్లీ లాంటి మాటలు చేరతాయి. బడిలో క్రియావిశేషణాలని చదువుకున్న యాడ్వర్బ్స్ ఇవే. బాధ్యత ఎప్పుడెప్పుడు వర్తిస్తుంది, హామీ ఎంత గట్టిది, అనుమతికి హద్దు ఎక్కడ అన్నవి వీటివల్లే తెలుస్తాయి. పని చోట మీ మాట విలువ ఈ రెండు మాటల కూర్పులోనే ఉంది. అందుకే వాటి వరస నేర్చుకోవడానికి ఒక అధ్యాయం మొత్తం కేటాయిస్తున్నాను.

నియమం చిన్నది. యాడ్వర్బ్ మోడల్ తర్వాత, అసలు క్రియకు ముందు వస్తుంది. ‘యూ మస్ట్ ఆల్వేస్ వేర్ ఎ హెల్మెట్.’ మస్ట్ మోడల్, వేర్ అసలు క్రియ, ఆల్వేస్ రెండింటి నడుమ. ఈ అధ్యాయంలో మిగిలినదంతా ఈ ఒక్క చోటును ఎలా వాడాలి, ఎక్కడ వాడకూడదు అన్నదే.

ఒమాన్‌లో ఈ వరస ఎందుకంత ముఖ్యం

1970లో సుల్తాన్ ఖాబూస్ పాలనకు వచ్చేనాటికి ఒమాన్‌లో ఆధునిక బడులు మూడే. ఆ తర్వాత చదువు వేగంగా విస్తరించింది. 1986లో సుల్తాన్ ఖాబూస్ విశ్వవిద్యాలయం తెరుచుకుంది. అక్కడ ఇంజినీరింగ్, వైద్యం, సైన్స్ ఇంగ్లీషులో చెబుతారు. 1998లో మొదలైన బేసిక్ ఎడ్యుకేషన్ విధానంతో ఒకటో తరగతి నుంచే ఇంగ్లీషు వచ్చింది. ఈ రోజు మీ పక్కన నిలబడే ఒమానీ ఇంజినీరు ఇంగ్లీషును మీలాగే బడిలో, కాలేజీలో నేర్చుకున్నాడు. మీ ఫోర్‌మన్ మలయాళీ కావచ్చు, క్రేన్ ఆపరేటర్ పాకిస్తానీ, స్టోర్ కీపర్ ఫిలిప్పీన్స్ మనిషి, హెల్పర్ బంగ్లాదేశీ కావచ్చు. వీళ్ళలో ఇంగ్లీషు ఎవరికీ తల్లిభాష కాదు.

తల్లిభాష ఒకటైనప్పుడు వరస కాస్త తప్పినా ఎదుటివాళ్ళు సర్దుకుని అర్థం చేసుకుంటారు. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు. అరబిక్‌లో ‘ఎప్పుడూ’ అనే దాయిమన్ తరచు వాక్యం చివరికి వస్తుంది. తెలుగులో, హిందీలో అది క్రియకు ముందే వస్తుంది. ఎవరి అలవాటు వాళ్ళు ఇంగ్లీషులోకి తెచ్చుకుంటే ఒకరి మాట ఒకరికి సగమే చేరుతుంది. అందరూ బడిలో చదువుకున్న వరస మాత్రం ఒకటే, మోడల్, యాడ్వర్బ్, క్రియ. ఆ వరసలో చెప్పిన మాట జనరేటర్ హోరులోనూ, వాకీటాకీ గరగరలోనూ దారి తప్పదు.

తెలుగు నుంచి ఇంగ్లీషుకు దగ్గరి దారి

మనవాళ్ళు చేసే తప్పు ఎక్కడ పుడుతుందో చూద్దాం. తెలుగులో మోడల్ పని విడి మాట చేయదు, క్రియ చివర అతుక్కున్న ముక్క చేస్తుంది. పెట్టుకోవాలి, రాగలను, వెళ్ళవచ్చు, ముట్టుకోకూడదు. ఆలి, గల, వచ్చు, కూడదు అన్నవి క్రియతో ఒకే మాటైపోయాయి. కాబట్టి మనం ‘పెట్టుకోవాలి’ని ఒకే ముద్దగా తీసుకుని ‘మస్ట్ వేర్’ అనుకుంటాం. ఆ ముద్దను విడదీయబుద్ధి కాదు. అందుకే యాడ్వర్బ్‌ను దానికి ముందో వెనకో పెడతాం. ‘యూ ఆల్వేస్ మస్ట్ వేర్ హెల్మెట్’ అనో, ‘యూ మస్ట్ వేర్ ఆల్వేస్ హెల్మెట్’ అనో నోటికి వస్తుంది.

ఇప్పుడు తెలుగు వాక్యాన్నే ఇంకో విధంగా విడదీయండి. ‘ఎప్పుడూ పెట్టుకో’ ఒక భాగం, ‘వాలి’ ఒక భాగం. మొదటి భాగం ‘ఆల్వేస్ వేర్’. ఇందులో తెలుగు వరసే ఇంగ్లీషు వరస, మార్చేదేమీ లేదు. రెండో భాగం ‘మస్ట్’. దాన్ని చివరి నుంచి తీసి ముందు పెట్టండి. మస్ట్, ఆల్వేస్ వేర్. వాక్యం తయారైంది.

ఇదే పద్ధతి మిగతావాటికీ పనిచేస్తుంది. ‘తేలిగ్గా ఎత్తగలను’లో గల ముందుకొస్తే ‘ఐ కెన్ ఈజీలీ లిఫ్ట్ ఇట్’. ‘కూడా నడపగలను’లో ‘ఐ కెన్ ఆల్సో డ్రైవ్’. ‘త్వరలో వస్తాడు’లో ‘హీ విల్ సూన్ కమ్’. ‘ముందుగా అడగాలి’లో ‘యూ షుడ్ ఫస్ట్ ఆస్క్’. ప్రతిసారీ తెలుగులో యాడ్వర్బ్, క్రియ పక్కపక్కనే ఉన్నాయి. ఇంగ్లీషులోనూ పక్కపక్కనే ఉన్నాయి. కదిలింది మోడల్ ఒక్కటే.

దీన్ని పది రోజులు నోటితో సాధన చేస్తే నియమాన్ని గుర్తు తెచ్చుకునే అవసరం ఉండదు. క్రియ చివరి ముక్కను పట్టుకుని ముందుకు తేవడమే అలవాటవుతుంది.

ఆ చోటులో ఎవరు కూర్చుంటారు

నాలుగు జట్ల యాడ్వర్బ్స్‌కు ఈ నడిమి చోటు సొంతం.

మొదటి జట్టు ఎంత తరచుగా అన్నది చెప్పేవి: ఆల్వేస్, యూజువల్లీ, ఆఫెన్, సమ్‌టైమ్స్, నెవర్. ఎడారి రోడ్ల మీద వందల కిలోమీటర్లు డ్రైవింగ్ చేసేవాళ్ళకు ఇవి ప్రాణం. ఫహూద్ నుంచి మర్మూల్ దాకా చమురు క్షేత్రాలకు వెళ్ళే బండికి ప్రయాణ ప్రణాళిక ఉంటుంది, సీట్ బెల్టు తప్పనిసరి. ‘డ్రైవర్స్ మస్ట్ ఆల్వేస్ ఫాలో ద జర్నీ ప్లాన్.’ ‘యూ మస్ట్ నెవర్ యూజ్ ఎ ఫోన్ వైల్ డ్రైవింగ్.’

రెండో జట్టు ఎంత నిశ్చయం అన్నది చెప్పేవి: డెఫినెట్లీ, సర్టన్లీ, ప్రాబబ్లీ. ఒమాన్‌లో వారాంతపు సెలవు శుక్ర, శనివారాలు, కాబట్టి గురువారం మాట ఇవ్వడం చాలా జరుగుతుంది. ‘వీ విల్ డెఫినెట్లీ ఫినిష్ బై థర్స్‌డే’ అంటే అది మీ పూచీ. ‘వీ విల్ ప్రాబబ్లీ ఫినిష్ బై థర్స్‌డే’ అంటే అంచనా. పై అధికారి ఆ ఒక్క మాటను బట్టి తర్వాతి జట్టును పిలవాలా, ఆగాలా అని నిర్ణయించుకుంటాడు. పూచీ ఇవ్వగలిగినప్పుడే డెఫినెట్లీ వాడండి. లేనప్పుడు ప్రాబబ్లీ అనడానికి మొహమాటపడకండి.

మూడో జట్టు దృష్టిని ఒక చోట నిలిపేవి: ఓన్లీ, ఆల్సో, ఈవెన్, జస్ట్. జీతం పెంచుకోవడానికి పనికొచ్చేది ఇందులో ఆల్సో. ఇంటర్వ్యూలో ‘ఐ యామ్ ఎ స్కాఫోల్డర్’ అని ఆగిపోకుండా ‘ఐ కెన్ ఆల్సో రీడ్ డ్రాయింగ్స్’ అనండి. ‘ఐ కెన్ ఆల్సో డ్రైవ్ ఎ ఫోర్క్‌లిఫ్ట్’ అనండి. మీకు వచ్చిన రెండో పని ఎదుటివాళ్ళ చెవిలో పడుతుంది. లైసెన్సు ఉంటేనే నడపనిస్తారు కాబట్టి ఉన్న సర్టిఫికెట్ పేరు వెంటనే చెప్పండి.

నాలుగో జట్టు కాలాన్ని ముడివేసేవి: సూన్, ఆల్‌రెడీ, స్టిల్. ‘ద సామాన్ షుడ్ ఆల్‌రెడీ బి ఎట్ ద గేట్’ లాంటి కలగాపులగం వాక్యంలో కూడా ఆల్‌రెడీ చోటు సరిగానే ఉంది. సామాన్ బదులు మెటీరియల్ అంటే చాలు.

ఆ చోటులో ఎవరు కూర్చోరు

నియమం నచ్చిందని అన్నీ అక్కడే పెడితే చెడుతుంది. రోజు, సమయం, స్థలం చెప్పేవి వాక్యం చివరికి వెళ్తాయి. ‘ఐ విల్ టుమారో కమ్’ కాదు, ‘ఐ విల్ కమ్ టుమారో’. ‘యూ మస్ట్ హియర్ సైన్’ కాదు, ‘యూ మస్ట్ సైన్ హియర్’. ‘ఎవ్రీ డే’, ‘వన్స్ ఎ వీక్’ లాంటి రెండు మూడు మాటల కాలపదాలూ చివరికే. తెలుగులో ‘రేపు వస్తాను’ అంటాం కాబట్టి ఇక్కడ చెయ్యి జారుతుంది, జాగ్రత్త.

వెల్ కూడా చివరికే. ‘ఐ కెన్ స్పీక్ అరబిక్ వెల్.’

హార్డ్, హార్డ్‌లీ విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. ‘వీ విల్ వర్క్ హార్డ్’ అంటే కష్టపడి పనిచేస్తాం. ‘వీ విల్ హార్డ్‌లీ వర్క్’ అంటే పని దాదాపు చేయం. ‘లీ’ చేర్చి నడుమ పెట్టడం మర్యాద అనుకుని కొత్త ఉద్యోగంలో రెండో వాక్యం అనేస్తే, మేనేజరు చెవికి చేరేది మీరు అనుకున్నదానికి పూర్తిగా ఎదురు. హార్డ్‌లీ వాడాల్సిన సందర్భం వేరు. రేడియోలో గొంతు సరిగా వినపడకపోతే ‘ఐ కెన్ హార్డ్‌లీ హియర్ యూ’ అనండి.

ఇంకో గట్టి నియమం. క్రియకూ దాని కర్మకూ మధ్య యాడ్వర్బ్ పెట్టకూడదు. ‘ఐ విల్ సెండ్ ఇమ్మీడియట్లీ ద రిపోర్ట్’ తప్పు. ‘ఐ విల్ ఇమ్మీడియట్లీ సెండ్ ద రిపోర్ట్’, ‘ఐ విల్ సెండ్ ద రిపోర్ట్ ఇమ్మీడియట్లీ’ రెండూ ఒప్పే. పని ఎలా చేయాలో చెప్పే యాడ్వర్బ్స్‌కు ఈ రెండు చోట్లూ ఉంటాయి.

‘నాట్’ వచ్చినప్పుడు

అసలు ప్రమాదం ఇక్కడ ఉంది. నాట్ కూడా మోడల్ తర్వాతి చోటులోనే కూర్చుంటుంది. కాబట్టి యాడ్వర్బ్ దానికి ముందుందా, వెనకుందా అన్నదాన్ని బట్టి అర్థం మారుతుంది.

‘ఐ డెఫినెట్లీ వోంట్ కమ్’ అంటే ఖచ్చితంగా రాను. ‘ఐ వోంట్ డెఫినెట్లీ కమ్’ అంటే వస్తానన్న ఖాయం లేదు. మొదటిది మూసేసిన తలుపు, రెండోది సగం తెరిచినది. ‘ఖచ్చితంగా రాను’ అని చెప్పదలిచినవాళ్ళు రెండోది అంటే, అవతలివాళ్ళు ఇంకా ఆశతో ఎదురుచూస్తారు.

‘ఐ రియల్లీ కాంట్ సే’ అంటే నిజంగానే చెప్పలేను, అది నా చేతిలో లేదు. ‘ఐ కాంట్ రియల్లీ సే’ అంటే అంత గట్టిగా చెప్పలేను, నాకు పూర్తిగా తెలియదు. డాక్టరో, ఇన్‌స్పెక్టరో అడిగినప్పుడు ఈ తేడా పట్టించుకోండి.

‘యూ కాంట్ ఆల్వేస్ పార్క్ హియర్’ అంటే కొన్నిసార్లు కుదరదు. ‘యూ కెన్ నెవర్ పార్క్ హియర్’ అంటే ఎప్పటికీ కుదరదు. తెలుగులో ‘ఎప్పుడూ ఆపలేరు’ అన్న ఒక్క వాక్యం రెండింటికీ పనికొస్తుంది, స్వరమే తేడా చెబుతుంది. ఇంగ్లీషులో స్వరం మీద ఆధారపడకండి. పూర్తి నిషేధమైతే నెవర్ వాడండి. ‘యూ మస్ట్ నెవర్ స్టాండ్ అండర్ ఎ సస్పెండెడ్ లోడ్.’ ‘యూ మస్ట్ నాట్ ఆల్వేస్ స్టాండ్ అండర్ ఎ లోడ్’ అంటే అప్పుడప్పుడూ నిలబడవచ్చన్న అర్థం చొరబడుతుంది. వేలాడే బరువు కింద అలాంటి అప్పుడప్పుడూ ఉండకూడదు.

ప్రాబబ్లీ, స్టిల్ మాత్రం నాట్ వచ్చినప్పుడు ముందుకు జరుగుతాయి. ‘ద బస్ ప్రాబబ్లీ వోంట్ కమ్.’ ‘ఐ స్టిల్ కాంట్ లాగిన్.’ ఇక వాకీటాకీలో ‘కెన్’, ‘కాంట్’ ఒకేలా వినిపిస్తాయి. అక్కడ కుదించకుండా ‘కెనాట్’ అని నిండుగా పలకండి.

ఓన్లీని దాని మనిషి పక్కన పెట్టండి

ఒమాన్‌లో ఏటా జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3:30 వరకు ఎండలో, బయటి సైట్లలో పని చేయించడం నిషేధం. ఈ విషయం జట్టుకు చెప్పాలనుకోండి. ‘ఓన్లీ’ ఎక్కడ పెడతారు?

‘అవుట్‌డోర్ వర్క్ కెన్ ఓన్లీ రీస్టార్ట్ ఆఫ్టర్ త్రీ థర్టీ’ మాటల్లో మామూలుగా వినిపించే వాక్యమే, అర్థమవుతుంది. రాతలో ఇంకా బిగువుగా కావాలంటే ఓన్లీని అది పట్టుకున్న మాట పక్కకే జరపండి: ‘అవుట్‌డోర్ వర్క్ కెన్ రీస్టార్ట్ ఓన్లీ ఆఫ్టర్ త్రీ థర్టీ.’ మూడున్నర తర్వాతే. సందేహానికి చోటు లేదు.

మూడు వాక్యాలు పక్కపక్కన చూడండి. ‘ఓన్లీ ద సూపర్‌వైజర్ కెన్ సైన్ ద పర్మిట్’ అంటే సూపర్‌వైజరే, ఇంకెవరూ కాదు. ‘ద సూపర్‌వైజర్ కెన్ సైన్ ద పర్మిట్ ఓన్లీ ఆఫ్టర్ ద గ్యాస్ టెస్ట్’ అంటే గ్యాస్ పరీక్ష అయ్యాకే. ‘ద సూపర్‌వైజర్ కెన్ ఓన్లీ సైన్ ద పర్మిట్’ అంటే సంతకమే పెట్టగలడు, అంతకు మించి అధికారం లేదన్న అర్థం రావచ్చు. మూసిన ట్యాంకులోకి మనిషి దిగే పనిలో ఈ మూడూ మూడు వేర్వేరు ఆజ్ఞలు. ఆ నాలుగు జట్లలో మిగతా యాడ్వర్బ్స్‌కు నడిమి చోటు దాదాపు ఎప్పుడూ సురక్షితం. ఓన్లీకి మాత్రం మాట్లాడేటప్పుడు నడిమి చోటు చాలు, రాసేటప్పుడు దాని మనిషి పక్కనే ఉండాలి.

బి, హ్యావ్ కూడా చేరితే

సేఫ్టీ కాగితాల్లో ‘చేయాలి’ కంటే ‘చేయబడాలి’ తరహా వాక్యాలే ఎక్కువ. ‘కేబుల్స్ షుడ్ బి ఇన్సులేటెడ్.’ ఇక్కడ మోడల్ తర్వాత బి ఉంది, ఆ తర్వాత క్రియ. అంటే నడుమ రెండు చోట్లు. ఏది ఎక్కడికి?

ఎంత తరచుగా, ఎంత నిశ్చయం అన్నవి మోడల్ వెంటనే. ఎలా చేయాలి అన్నవి క్రియకు ముందు. రెండూ ఉన్న వాక్యం ఇది: ‘కేబుల్స్ షుడ్ ఆల్వేస్ బి ప్రాపర్లీ ఇన్సులేటెడ్.’ ఆల్వేస్ షుడ్‌ను అంటిపెట్టుకుంది, ప్రాపర్లీ ఇన్సులేటెడ్‌ను అంటిపెట్టుకుంది. ఈ ఒక్క వాక్యం కంఠస్థం చేస్తే వందల వాక్యాలకు అచ్చు దొరికినట్టే. ‘లోడ్స్ మస్ట్ ఆల్వేస్ బి సెక్యూర్లీ టైడ్.’ ‘వేస్ట్ ఆయిల్ మస్ట్ నెవర్ బి కేర్‌లెస్లీ డంప్డ్.’ ‘ద వాల్వ్ షుడ్ ఆల్‌రెడీ హ్యావ్ బీన్ క్లోజ్డ్.’

షల్, షుడ్, మే, కెన్‌లకు ఐఎస్ఓ ప్రమాణాల భాషలో స్థిరమైన అర్థాలున్నాయి. షల్ తప్పనిసరి, షుడ్ సిఫార్సు, మే అనుమతి, కెన్ సాధ్యత. 2018లో వచ్చిన వృత్తి భద్రతా ప్రమాణం ఐఎస్ఓ 45001 కూడా ఈ భాషలోనే ఉంది. కంపెనీ ప్రొసీజర్లు చాలావరకు ఇదే పద్ధతిలో రాస్తారు. ప్రొసీజర్ చదివేటప్పుడు పెన్సిలుతో మోడల్ కింద ఒక గీత, దాని తర్వాతి యాడ్వర్బ్ కింద రెండు గీతలు గీయండి. ‘షుడ్ నార్మల్లీ’ అని ఉంటే మినహాయింపు ఉందన్నమాట. ‘షల్ ఇమ్మీడియట్లీ’ అని ఉంటే ఒక్క నిమిషం కూడా ఆలస్యం కూడదన్నమాట.

ఉద్యోగ ఒప్పందం చదివేటప్పుడూ ఇదే కళ్ళజోడు పెట్టుకోండి. అందులో ‘మే నాట్’ అంటే ‘చేయకపోవచ్చు’ కాదు, ‘చేయకూడదు’. ‘ద ఎంప్లాయీ మే నాట్ వర్క్ ఎల్స్‌వేర్’ అంటే ఇంకెక్కడా పని చేయకూడదనే. ఒమాన్‌లో 2023లో 53వ రాజాజ్ఞతో కొత్త కార్మిక చట్టం వచ్చింది. ఒప్పందానికి అరబిక్ ప్రతి ఉండాలి. ఇంగ్లీషు ప్రతిలో మోడల్ దగ్గర అనుమానం వస్తే, అరబిక్ బాగా తెలిసినవాళ్ళ చేత ఆ వాక్యం చదివించుకున్నాకే సంతకం పెట్టండి.

ప్రశ్నలు, పొట్టి జవాబులు, హ్యావ్ టు

ప్రశ్నలో మోడల్ ముందుకు వెళ్తుంది, యాడ్వర్బ్ మాత్రం క్రియ పక్కనే ఉంటుంది. ‘విల్ యూ ఆల్సో కమ్?’ ‘కుడ్ యూ ప్లీజ్ సెండ్ ద టైమ్‌షీట్?’ ఓవర్‌టైమ్ గంటలు తప్పు పడ్డాయని హెచ్‌ఆర్‌కు రాసేటప్పుడు ‘ప్లీజ్ కుడ్ యూ’ కంటే ‘కుడ్ యూ ప్లీజ్ చెక్ మై ఓవర్‌టైమ్’ సూటిగా, మర్యాదగా ఉంటుంది.

పొట్టి జవాబులో క్రియ ఉండదు కాబట్టి యాడ్వర్బ్ మోడల్‌కు ముందు చేరుతుంది. ‘విల్ యూ హెల్ప్ హిమ్?’ అంటే ‘ఐ సర్టన్లీ విల్.’ ‘విల్ ఇట్ ఫినిష్ టుడే?’ అంటే ‘ఇట్ ప్రాబబ్లీ విల్.’ ఇలా ముందుకు జరగడం తప్పు కాదు, నొక్కి చెప్పే పద్ధతి.

హ్యావ్ టు, నీడ్ టు అర్థంలో మస్ట్‌లాంటివే కానీ నడకలో మామూలు క్రియలు. అందుకే యాడ్వర్బ్ వాటికి ముందు వస్తుంది. ‘వీ ఆల్వేస్ హ్యావ్ టు సైన్ ఇన్ ఎట్ ద గేట్.’ మస్ట్ అయితే తర్వాత, హ్యావ్ టు అయితే ముందు.

విడదీయడం తప్పా?

క్రియ జట్టును విడదీయకూడదని కొందరు పెద్దవాళ్ళు మిమ్మల్ని భయపెట్టవచ్చు. దాని వెనక ఒక చరిత్ర ఉంది. పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో ‘టు’కూ క్రియకూ మధ్య యాడ్వర్బ్ రాకూడదన్న వాదం బలపడింది. 1864లో హెన్రీ ఆల్ఫర్డ్ తన ‘ఎ ప్లీ ఫర్ ద క్వీన్స్ ఇంగ్లిష్’లో అలా విడదీయడాన్ని తప్పుపట్టాడు. ఆ భయం పాకి పాకి మోడల్‌కూ క్రియకూ మధ్య కూడా ఏదీ పెట్టకూడదన్న అపోహ దాకా వచ్చింది. 1926లో హెచ్. డబ్ల్యూ. ఫౌలర్ తన ‘మోడర్న్ ఇంగ్లిష్ యూసేజ్’లో ఈ అపోహను ఖండించాడు. మన బడుల్లో తరతరాలు చదివిన రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణం కూడా యాడ్వర్బ్‌ను సహాయక క్రియ తర్వాతే పెట్టమంటుంది. మీరు ధైర్యంగా నడిమి చోటు వాడుకోండి.

ఒక సందేశాన్ని బాగుచేద్దాం

సైట్‌లో పైపు పని ఆగింది. ఒక తెలుగు సూపర్‌వైజరు మేనేజరుకు వాట్సాప్ పెట్టాలి. మొదట ఇలా రాయవచ్చు: ‘సర్, వీ ప్రాబబ్లీ విల్ టుడే నాట్ ఫినిష్. మెటీరియల్ విల్ కమ్ డెఫినెట్లీ టుమారో. వీ ఆల్సో కెన్ వర్క్ ఫ్రైడే. యూ ప్లీజ్ కెన్ అరేంజ్ బస్?’

సరిచేస్తే: ‘సర్, వీ ప్రాబబ్లీ వోంట్ ఫినిష్ టుడే. ద మెటీరియల్ విల్ డెఫినెట్లీ కమ్ టుమారో. వీ కెన్ ఆల్సో వర్క్ ఆన్ ఫ్రైడే. కుడ్ యూ ప్లీజ్ అరేంజ్ ఎ బస్?’

కొత్తగా చేరిన మాటలు ఆన్, ద, ఎ లాంటివే, కెన్ బదులు కుడ్ వచ్చింది. వరస మారింది. రెండో సందేశంలో నాలుగు విషయాలు నాలుగు మెట్లుగా ఉన్నాయి: ఈ రోజు సంగతి, రేపటి పూచీ, ప్రత్యామ్నాయం, కావలసిన సాయం. ఇలాంటి సందేశం పెట్టేవాళ్ళను మేనేజరు తర్వాతిసారి కూడా నేరుగా అడుగుతాడు.

సాధన

క్యాంపులో పక్క మంచం మనిషితో కలిసి చేయండి. ఒకరు తెలుగు వాక్యం చెబితే ఇంకొకరు ఇంగ్లీషులో చెప్పాలి. ‘అన్నా, సీట్ బెల్టు ఎప్పుడూ పెట్టుకోవాలి’ అంటే వెంటనే జవాబు రావాలి. ముందు కింది తెలుగు వాక్యాలను జవాబులు చూడకుండా ప్రయత్నించండి.

1. సీట్ బెల్టు ఎప్పుడూ పెట్టుకోవాలి.
2. గార్డు లేని గ్రైండర్ ఎప్పుడూ వాడకూడదు.
3. మెటీరియల్ బహుశా గురువారం వస్తుంది.
4. డాక్టరు ఈ వారం బహుశా రారు.
5. నేను వెల్డింగ్ కూడా చేయగలను.
6. ప్యానెల్‌ను ఎప్పుడూ సరిగా ఎర్తింగ్ చేయాలి.
7. నేను ఇంకా లాగిన్ కాలేకపోతున్నాను.
8. దయచేసి మీ కొత్త బతాకా (రెసిడెంట్ కార్డు) కాపీ పంపగలరా?

జవాబులు:

1. యూ మస్ట్ ఆల్వేస్ వేర్ యువర్ సీట్ బెల్ట్.
2. యూ మస్ట్ నెవర్ యూజ్ ఎ గ్రైండర్ వితౌట్ ఎ గార్డ్.
3. ద మెటీరియల్ విల్ ప్రాబబ్లీ అరైవ్ ఆన్ థర్స్‌డే.
4. ద డాక్టర్ ప్రాబబ్లీ వోంట్ కమ్ దిస్ వీక్.
5. ఐ కెన్ ఆల్సో డూ వెల్డింగ్.
6. ద ప్యానెల్ మస్ట్ ఆల్వేస్ బి ప్రాపర్లీ ఎర్తెడ్.
7. ఐ స్టిల్ కాంట్ లాగిన్.
8. కుడ్ యూ ప్లీజ్ సెండ్ ఎ కాపీ ఆఫ్ యువర్ న్యూ రెసిడెంట్ కార్డ్?

పలికేటప్పుడు మోడల్‌ను తేలికగా, యాడ్వర్బ్‌ను కాస్త నొక్కి పలకండి. మస్ట్ మెల్లగా, ఆల్వేస్ గట్టిగా. వినేవాళ్ళకు అందాల్సింది యాడ్వర్బే.

మొదటి వారం ఆల్వేస్, నెవర్‌లతో మాత్రమే సాధన చేయండి. భద్రతకు సంబంధించినవి ఇవే. రెండో వారం ఆల్సో, ఓన్లీ చేర్చండి. మూడో వారం ప్రాబబ్లీ, డెఫినెట్లీలతో మీరు ఆ రోజు నిజంగా ఇచ్చిన మాటలనే వాక్యాలుగా రాయండి. నాలుగో వారం నాట్ ఉన్న జంటలను, అర్థం పక్కన రాసుకుంటూ, బయటికి చదవండి. రోజుకు పావుగంట చాలు. కంపెనీ బస్సు క్యాంపు నుంచి సైటుకు వెళ్ళే దారిలో కూడా ఇది కుదురుతుంది.

గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి, జగిత్యాల, నిజామాబాద్‌ల నుంచి గల్ఫ్ దేశాలకు వచ్చే మనవాళ్ళలో చేతిపని బాగా తెలిసినవాళ్ళు ఎందరో ఉన్నారు. మాట దగ్గర తడబడి, ఆ పనితనానికి తగిన చోటు దక్కనివాళ్ళూ అంతే మంది. ఇంగ్లీషు మొత్తం నేర్చుకునే దాకా ఆగనక్కర్లేదు. ‘విల్’ అన్నప్పుడు మీరు పూచీ పడుతున్నారు, ‘కెన్’ అన్నప్పుడు మీ పనితనం ప్రకటిస్తున్నారు, ‘మస్ట్’ అన్నప్పుడు పక్కవాళ్ళ ప్రాణం కాపాడుతున్నారు. ఆ పూచీ ఎంతో, ఆ పనితనం ఎంతో, ఆ హెచ్చరిక ఎంతో చెప్పే మాటను దాని చోటులో పెట్టండి. రేపటి టూల్‌బాక్స్ టాక్‌లో మీ వంతు వచ్చినప్పుడు ఒక్క వాక్యం ఈ వరసలో చెప్పి మొదలుపెట్టండి.